డ్యాములు దాటే ఓడ: చెన్నై నుంచి డాన్యూబ్ లాకుల ప్రయాణం ఎలా చేయాలి

యూరప్ రివర్ క్రూజ్ గురించి అడిగితే టీ నగర్‌లో ట్రావెల్ ఏజెంటు మీ ముందు పరిచేవి కోటలు, చర్చిలు, ద్రాక్షతోటల బొమ్మలే. డాన్యూబ్ నది మీద జర్మనీలోని పాస్సౌలో ఎక్కి హంగరీలోని బుడాపెస్ట్‌లో దిగితే దారిలో పదకొండు జలవిద్యుత్ కేంద్రాలు దాటతామన్న మాట ఆ రంగుల కాగితాల్లో ఏ మూలా కనిపించదు. సాగర్ గేట్లు ఎత్తారని టీవీలో స్క్రోలింగ్ రాగానే కారు తీసే జనం మనం. మనకి ఆ కోటల కన్నా ఈ పదకొండే ముఖ్యం.

ఈ ప్రయాణానికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: లాకులు, అంటే డ్యాము పక్కన ఓడని ఎక్కించే, దించే నీటి తొట్లు, పగటి వెలుతురులో దాటాలి. ఏ నెలలో వెళ్ళాలి, ఏ ఊళ్ళో ఎక్కాలి, ఏ గది తీసుకోవాలి అన్నవన్నీ దాన్నిబట్టే తేలతాయి. ఏజెంటుకి ఈ సంగతి పట్టదు. మీరే పట్టించుకోవాలి.

ముందు ఒకసారి ధవళేశ్వరం వెళ్ళి రండి

లాకు ఎలా పనిచేస్తుందో తెలియకుండా ఓడెక్కితే, గోడ పక్కన అరగంట ఊరికే ఆగినట్టు అనిపిస్తుంది. అందుకని లక్షలు పోసి టికెట్టు కొనే ముందు ఒక రాత్రి రైలు ఖర్చు పెట్టుకోండి. సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి రాజమండ్రి. అక్కడి నుంచి ధవళేశ్వరానికి ఆటోలో పోవచ్చు. 1847లో కాటన్ దొర మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడు బ్యారేజీ ఉంది. నదిలోంచి కాలువలోకి పడవల్ని దించడానికి కట్టిన లాకులు మాత్రం ఇంకా చూడొచ్చు. పక్కనే కాటన్ మ్యూజియం కూడా ఉంది, పిల్లలుంటే తీసుకెళ్ళండి.

లాకులో ఉండేది ఇంతే: ఎగువన ఒక జత తలుపులు, దిగువన ఒక జత, మధ్యలో గట్టి గోడల తొట్టి. పడవ తొట్టిలోకి వచ్చాక వెనక తలుపులు మూస్తారు. అడుగున ఉన్న తూములు తెరిస్తే నీళ్ళు దిగువకు జారిపోతాయి, వాటితోపాటు పడవా దిగుతుంది. ఎక్కించాలంటే ఎగువ తూములు తెరుస్తారు. నీళ్ళు తోడే పంపంటూ ఏదీ లేదు, పల్లానికి పారే గుణమే పని జరిపిస్తుంది. ఆ తలుపుల జత ఎగువ వైపు కోణంగా మూసుకుంటుంది కాబట్టి నీరు ఎంత తోస్తే అంత బిగుస్తుంది. డాన్యూబ్ మీద తలుపుల రకాలు వేరుగా ఉన్నా సూత్రం ఇదే, కొలతలే పెద్దవి.

నిజానికి చెన్నైవాళ్ళకి లాకులు కొత్త కాదు. 1806లో మొదలైన బకింగ్‌హామ్ కాలువ, ఆంధ్ర డెల్టా కాలువలతో కలిసి కాకినాడ నుంచి పుదుచ్చేరి దగ్గరి మరక్కాణం దాకా ఒకే జలమార్గంగా ఉండేది. ఆంధ్ర వైపు నుంచి పడవల మీద బియ్యం, కట్టెలు వచ్చేవని చెప్పే పెద్దవాళ్ళు పెరంబూరు వైపు ఇంకా దొరుకుతారు. నగరంలో ఆ కాలువ మీద ఇప్పుడు ఎంఆర్‌టీఎస్ లోకల్ రైలు స్తంభాలు నిలబడ్డాయి, కాబట్టి కబుర్లతో సరిపెట్టుకోవాలి.

ఇంకో సంగతి. సాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీ ఎక్కినా మీరు తిరిగేది సాగర్ డ్యాము వెనక జలాశయంలోనే. అక్కడ డ్యాము దాటించే లాకు లేదు. ఓడల రాకపోకలు ఆగకుండా కరెంటు తీయాలనుకున్న నదుల మీదే డ్యాముకి పక్కన లాకు కడతారు. డాన్యూబ్ అలాంటి నది.

వేరే నదులు ఎందుకు కాదు

పిల్లలు సియాటిల్, పోర్ట్‌లాండ్ వైపు ఉండి, అమెరికా వీసా పాస్‌పోర్టులో ఉంటే కొలంబియా, స్నేక్ నదులు చూడండి. బానవిల్ నుంచి లోయర్ గ్రానైట్ దాకా ఎనిమిది డ్యాములు, ఎనిమిది లాకులు దాటి ఓడ ఐడహో సరిహద్దు దాకా వెళ్తుంది. వాటిలో జాన్ డే లాకు ఓడని 30 మీటర్లకు పైగా ఎత్తుతుంది. అద్భుతమైన దారే గానీ టికెట్టు ధర వింటే కళ్ళు తిరుగుతాయి.

చైనాలో త్రీ గోర్జెస్ డ్యాము స్థాపిత సామర్థ్యం 22,500 మెగావాట్లు, లాకు అయిదు మెట్లు, మొత్తం ఎత్తు 113 మీటర్లు. అయితే చాలా టూరిస్టు ఓడలు డ్యాముకు ఎగువన మావోపింగ్ దగ్గరే జనాన్ని దించేసి బస్సెక్కిస్తాయి. లాకు దాటతామని కాగితం మీద రాసిస్తే తప్ప కొనొద్దు. నైలు మీద లక్సర్, ఆస్వాన్ మధ్య ఎస్నా లాకు ఒక్కటే వస్తుంది. అక్కడ ఓడ ఆగినప్పుడు చిన్న పడవల్లో వచ్చే వర్తకులు బట్టల మూటల్ని సంచుల్లో పెట్టి డెక్ మీదికి విసిరి బేరమాడతారు, ఆ సందడి కోసం వెళ్ళినా తప్పులేదు. ఆస్వాన్ హై డ్యాముకి లాకు లేదు కాబట్టి నైలు ఓడ అక్కడికి ముందే ఆగిపోతుంది.

డాన్యూబ్ మీద ఒకే షెంజెన్ వీసాతో (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా), వారం రోజుల్లోపు, పదకొండు లాకులు. పాస్సౌ నుంచి వరసగా యోఖెన్‌స్టైన్, అషాఖ్, ఒట్టెన్స్‌హైమ్, ఆబ్విండెన్, వాల్జే, ఇబ్స్, మెల్క్, ఆల్టెన్‌వర్త్, గ్రైఫెన్‌స్టైన్, ఫ్రాయిడెనౌ. ఈ పదీ దాటాక స్లొవాకియాలో గాబ్చికోవో. ఈ వరస ఒక చీటీ మీద రాసుకుని వెంట ఉంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

టికెట్టు కొనే ముందు అడగాల్సినవి

అసలు కష్టం ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చదవండి.

చాలా ఓడలు పాస్సౌలో మధ్యాహ్నమో సాయంత్రమో బయలుదేరి మర్నాడు పొద్దున్నకి మెల్క్ దగ్గర తేలతాయి. ప్రయాణికులు పగలంతా ఊళ్ళు తిరగాలి, ఓడ రాత్రంతా నడవాలి అన్నది వాళ్ళ లెక్క. దానివల్ల ఏమవుతుందంటే అషాఖ్ నుంచి మెల్క్ దాకా ఉన్న లాకులన్నీ మీరు నిద్రలో ఉండగానే దాటిపోతాయి. ఆ రాత్రి మీకు తెలిసేదల్లా గోడకి ఓడ ఆనినప్పుడు వచ్చే చిన్న కుదుపు, కిటికీ అవతల తడి కాంక్రీటు.

కాబట్టి ఏజెంటుని 'ఎన్ని లాకులున్నాయి?' అని అడగొద్దు. 'గంటలవారీగా ఓడ ఎక్కడుంటుందో పట్టిక ఇప్పించండి' అని అడగండి. పట్టికలో బయలుదేరే వేళ, చేరే వేళ ఉంటాయి. వాటి మధ్య ఏ లాకులు పడతాయో నదిలోని కిలోమీటర్ల లెక్కతో మీరే తేల్చుకోవచ్చు. డాన్యూబ్‌ని సముద్రం నుంచి ఎగువకు కొలుస్తారు: పాస్సౌ సుమారు 2,226, యోఖెన్‌స్టైన్ 2,203, అషాఖ్ 2,163, ఇబ్స్ 2,060, మెల్క్ లాకు 2,038, ఫ్రాయిడెనౌ 1,921, బుడాపెస్ట్ సుమారు 1,647. సాయంత్రం 4కి పాస్సౌ వదిలితే 23 కిలోమీటర్ల దూరంలో ఉన్న యోఖెన్‌స్టైన్ వెలుతురులోనే దొరుకుతుంది. రాత్రి 10కి వదిలితే అదీ దొరకదు.

నెల సంగతీ దీనితోనే తేలుతుంది. జూన్‌లో ఆస్ట్రియాలో సూర్యుడు రాత్రి 9 ప్రాంతంలో అస్తమిస్తాడు, తెల్లవారుజామున 5కే మళ్ళీ వెలుగు. అంటే సాయంత్రం 4కి బయలుదేరిన ఓడలో అషాఖ్ కూడా మునిమాపు వెలుతురులో చూసే వీలుంటుంది. పొద్దున్నే లేస్తే ఇబ్స్ లేదా మెల్క్ లాకు అందొచ్చు. డిసెంబరులో క్రిస్మస్ సంతల కోసం నడిపే ఓడలు చవగ్గా దొరుకుతాయి గానీ, సాయంత్రం 4కే చీకటి పడుతుంది. మనకి అక్కర్లేదు. మన స్కూళ్ళ వేసవి సెలవులకి మే చివర, జూన్ మొదలు చక్కగా కుదురుతాయి.

ఇక దిశ. దిగువకు ప్రవాహంతోపాటు ఓడ జోరుగా పోతుంది, ఎగువకు నెమ్మదిగా ఎక్కుతుంది. అదే దూరానికి ఎక్కువ గంటలు పడితే అందులో కొన్ని పగటి గంటలు కలవక తప్పదు. అందుకే బుడాపెస్ట్‌లో ఎక్కి పాస్సౌకి వచ్చే ఓడలో, లేదా పాస్సౌ నుంచి వెళ్ళి మళ్ళీ పాస్సౌకే వచ్చే వారం రోజుల ఓడలో లాకులు పగలు పడే అవకాశం ఎక్కువ. పైగా ఎక్కించే లాకు చూడ్డానికి ఇంకా బాగుంటుంది: చీకటి గోడల మధ్య అడుగున మొదలై మెల్లగా పైకి లేచి, ఉన్నట్టుండి పొలాలు, చర్చి గోపురం, అవతలి జలాశయం కంటికి సమంగా వచ్చేస్తాయి. దించే లాకులో ఇదంతా తిరగబడుతుంది, ఉన్న దృశ్యం పోతుంది. రెండిట్లో ఒకటే కుదిరితే ఎక్కే దారే తీసుకోండి.

గది విషయంలో ఏజెంటు బాల్కనీ గది అంటగట్టాలని చూస్తాడు. లాకులో బాల్కనీ వల్ల ఒరిగేదేమీ లేదు, బారెడు దూరంలో గోడ ఉంటుంది. లాకు చూడాల్సింది పైన సన్‌డెక్ మీద నుంచి. గదికి పెట్టే డబ్బు మిగుల్చుకోవాలంటే కింది అంతస్తు చాలు, కిటికీ నీటిమట్టానికి కాస్త పైన ఉంటుంది, తెరుచుకోదు. మరీ ముందువైపు, మరీ వెనకవైపు గదులు మాత్రం వద్దు. ఓడని లాకులోకి సర్దేటప్పుడు ముందు భాగాన్ని పక్కకి తోసే థ్రస్టర్, వెనకున్న ఇంజిన్ రాత్రిపూట దడదడలాడిస్తాయి. నడిమధ్య గది అడగండి.

అమ్మానాన్నల్నో అత్తమామల్నో తీసుకెళ్తుంటే ఇంకో రెండు అడగాలి. ఓడలో లిఫ్టు ఉందా, ఉంటే సన్‌డెక్ దాకా వెళ్తుందా? చాలావాటిలో కింది అంతస్తుల వరకే ఉంటుంది, చివరి మెట్లు ఎక్కాల్సిందే. రెండోది, రేవులో ఓడలు ఒకదాని పక్కన ఒకటి కడతారు. అప్పుడు మీ ఓడకి చేరాలంటే పక్క ఓడ లాబీలోంచో, దాని సన్‌డెక్ మీదనుంచో నడిచి వెళ్ళాలి. నీటిమట్టాన్నిబట్టి ఒడ్డు నుంచి వేసే వంతెన నిటారుగానూ ఉండొచ్చు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి ఈ మాట చెన్నైలోనే చెప్పి ఒప్పించండి. అక్కడికి వెళ్ళాక చెబితే మీకే తిట్లు.

క్రూజ్ ఖర్చు మరీ ఎక్కువనిపిస్తే తేలిక దారి ఒకటుంది. వేసవిలో పాస్సౌ, లింజ్ మధ్య పగటి పడవలు నడుస్తాయి. గది ఉండదు, భోజనం కొనుక్కోవాలి. కానీ యోఖెన్‌స్టైన్, అషాఖ్, ఒట్టెన్స్‌హైమ్ మూడూ పట్టపగలు దాటతారు. మధ్యలో కొండల మధ్య నది వెనక్కి మెలితిరిగే ష్లోగెన్ వంపు కూడా ఉంటుంది. లాకుల కోసమే వెళ్తున్నానంటే నేనైతే ఈ పడవకే ఓటేస్తాను. మిగిలిన డబ్బుతో వియన్నాలో రెండు రోజులు ఉండొచ్చు.

వీసా, విమానం, పచ్చడి జాడీలు

జర్మనీ, ఆస్ట్రియా, స్లొవాకియా, హంగరీ నాలుగూ షెంజెన్ దేశాలే. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటారో ఆ దేశానికి దరఖాస్తు పెట్టాలి, సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. ఓడ ప్రయాణంలో ఇది తికమకగా ఉంటుంది కాబట్టి ఏ రాత్రి ఏ రేవులో అన్న జాబితా క్రూజ్ కంపెనీ లెటర్‌హెడ్ మీద తీసుకుని దరఖాస్తుతో జతచేయండి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, ఆఖరి గడువు 15 రోజుల ముందు. వేసవికైతే చివరిదాకా ఆగితే స్లాట్లు దొరకవు. పెద్దలకి వీసా రుసుము 90 యూరోలు, దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రం సర్వీసు చార్జీ వేరు. మెడికల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. పాకేజీ ఇక్కడే కొంటే ఏజెంటు టీసీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తాడు, ఐటీ రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు, రసీదు పారేయకండి.

చెన్నై నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా విమానం ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పాస్సౌకి మారక్కర్లేని ఐసీఈ వేగపు రైళ్ళున్నాయి, నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. ఓడ ఎక్కాల్సిన ముందు రోజే పాస్సౌ చేరుకోండి. విమానం ఆలస్యమైతే రైలు ఇంకోటి దొరుకుతుంది, ఓడ దొరకదు. ఆ ఒక్క రాత్రి వృథా పోదు. డాన్యూబ్, ఇన్, ఇల్జ్ మూడు నదులు కలిసే ఊరది, కలిసిన చోట మూడు రంగుల నీళ్ళు కాసేపు విడివిడిగా కనిపిస్తాయి. పాత టౌన్‌హాలు గోడ మీద వరదల గుర్తులు చెక్కి ఉంటాయి. 2013 జూన్ వరద గుర్తు ఎంత ఎత్తున ఉందో చూస్తే ఈ నదిని డ్యాములు పూర్తిగా కట్టేయలేదని అర్థమవుతుంది.

సామాన్లలో నెయ్యి సీసా పెట్టకండి. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తెచ్చుకోవడం యూరోపియన్ యూనియన్‌లో నిషేధం. పాలకోవా, పూతరేకులు, నేతి సున్నుండలు కూడా ఇంట్లోనే వదిలేయాలి. పచ్చి కరివేపాకు కూడా వద్దు. కందిపొడి, కరివేపాకు పొడి, గోంగూర పచ్చడి హాయిగా తీసుకెళ్ళండి, జాడీ మూతకి టేపు చుట్టి చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. కందిపొడిలోకి ఓడవాళ్ళు రొట్టెతో ఇచ్చే వెన్న కలుపుకుంటే సరి. ఎలక్ట్రిక్ కెటిల్, ఇండక్షన్ స్టౌ లాంటివి గదుల్లో చాలా ఓడలు ఒప్పుకోవు. శాకాహారం అని టికెట్టు కొన్నప్పుడే రాయించండి, గుడ్డు తినకపోతే అదీ విడిగా రాయించండి. లేకపోతే చేప శాకాహారం కిందికి వచ్చేస్తుంది.

బట్టల్లో ఒక్కటే ముఖ్యం: గాలిని ఆపే, వాన తడవని జాకెట్. మేలో కూడా పొద్దున్న 5కి సన్‌డెక్ మీద చెన్నైవాళ్ళకి పళ్ళు కొట్టుకుంటాయి.

లాకు దాటేటప్పుడు ఎక్కడ నిలబడాలి, ఏం చూడాలి

ఓడెక్కిన రోజే రిసెప్షన్‌లో అడిగి ఆ రాత్రి లాకుల వేళలు రాయించుకోండి. సిబ్బందికి ఇది వింతగా అనిపించొచ్చు, పట్టించుకోకండి. చాలా ఓడల్లో గది టీవీలో ఒక చానల్ మీద ఓడ ముందు కెమెరా దృశ్యం కూడా చూపిస్తారు. లాకు వస్తోందని అందులో కనిపించగానే జాకెట్ తగిలించుకుని పైకి వచ్చేయొచ్చు.

దూరం నుంచి చూస్తే నదికి అడ్డంగా ఒక పొడవాటి బల్లపరుపు కట్టడం. మన సాగర్‌లా ఆకాశాన్నంటే గోడ ఉండదు, అది చూసి నిరాశపడొద్దు. ఇక్కడ ఎత్తు తక్కువ, నీరు ఎక్కువ. ఏడాది పొడుగునా పారే నీటిని నిల్వ చేయకుండా వచ్చింది వచ్చినట్టు టర్బైన్ల మీదుగా వదిలే పద్ధతి. ఒక భాగంలో పవర్‌హౌస్, ఒక భాగంలో వరద గేట్లు, ఒడ్డు వైపు జంట లాకులు. ఆల్టెన్‌వర్త్‌ది 328 మెగావాట్లు, ఆస్ట్రియా డాన్యూబ్ మీద పెద్దది. సాగర్‌ది 816 అని మనవాళ్ళు గర్వపడొచ్చు, కానీ ఇక్కడ కేంద్రాలు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉన్నాయి.

ముందు దీపాలు చూడండి. ఎర్ర దీపం ఉంటే ఓడ బయటే ఆగుతుంది, పచ్చ పడితే కదులుతుంది. ఈ లాకులు చాలావరకు 230 మీటర్ల పొడవు, 24 మీటర్ల వెడల్పు. మీ ఓడ వెడల్పు 11 మీటర్ల పైచిలుకు. అంటే రెండు ఓడలు పక్కపక్కన పట్టి, చేతులు చాపేంత జాగా మిగులుతుంది. అలా రెండోది వచ్చి ఆనేటప్పుడు అవతలి సన్‌డెక్ మీద జనం మీకు ఎదురుగా నిలబడి ఉంటారు. చేయి ఊపండి, తిరిగి ఊపుతారు.

ఇప్పుడు ముందుకి పరిగెత్తకుండా ఓడ పక్క అంచు దగ్గరికి రండి. కెప్టెన్ లోపలి కుర్చీ వదిలేసి, బ్రిడ్జికి పక్కన అంచున ఉన్న చిన్న కంట్రోలు దగ్గర నిలబడి కిందికి చూస్తూ నడుపుతుంటాడు. ఆయన చేతివేళ్ళ కదలిక ఎంత చిన్నదో, దానికి 135 మీటర్ల ఓడ ఎలా స్పందిస్తుందో గమనించండి. కింద డెక్‌హ్యాండ్ ఒకతను గోడలోని కట్టుగుంజకి మోకు తగిలిస్తాడు. కొన్ని లాకుల్లో ఈ గుంజలు నీటితోపాటు గాడిలో పైకి కిందికి తేలుతూ కదులుతాయి, ఆ కదలికలో కీచుమంటాయి. తేలనిచోట అతను మోకు విప్పి పై గుంజకి మార్చుకుంటూ పోతాడు. అతని చూపు మోకు మీద నుంచి తప్పదు, ఆ సమయంలో అతనితో కబుర్లు పెట్టుకోకండి.

తలుపు మూసుకోగానే ఒక నిశ్శబ్దం. దిగే లాకైతే తర్వాత గోడ మీద తడి గీత చూడండి. ఓడ కదిలినట్టే అనిపించదు, ఆ గీత మాత్రం పెరుగుతూ పోతుంది, పాచి పట్టిన పచ్చటి భాగం బయటపడుతుంది, వాసన కూడా వస్తుంది. గోడలో ఇనుప నిచ్చెన మెట్లుంటే లెక్కపెట్టండి, ఎంత దిగామో అలా తెలుస్తుంది.

ఆ ఖాళీ సమయంలో ఒక లెక్క వేసుకోండి. 230 మీటర్ల పొడవు, 24 వెడల్పు, 10 మీటర్లు దిగితే 55,200 ఘనపు మీటర్లు, అంటే అయిదున్నర కోట్ల లీటర్లు. వేసవిలో చెన్నై వీధుల్లోకి వచ్చే 12,000 లీటర్ల నీళ్ళ లారీలు 4,600. ఒక్కసారి లాకు దించినప్పుడు ఇంత నీరు టర్బైన్ తగలకుండా దిగువకు పోతుంది. అదే నీరు టర్బైన్ మీదుగా పోతే సుమారు 1,300 యూనిట్ల కరెంటు వచ్చేది. వీలైతే రెండు ఓడల్ని కలిపి ఒకేసారి దించడం ఎందుకు లాభమో ఇప్పుడు తెలిసింది కదా. మీ ఓడ పది నిమిషాలు ఊరికే ఆగితే విసుక్కోవద్దు.

జాగ్రత్తల మాట ఒకటి. గోడని ముట్టుకోవాలని చేయి చాపొద్దు, ఫోన్ బయటికి పెట్టి సెల్ఫీ తీయొద్దు. మధ్యలో పడితే ఓడ బరువుకి అడ్డు ఉండదు. పిల్లల్ని రెయిలింగు మీద కూర్చోబెట్టొద్దు. వంతెన కిందుగా వెళ్ళేటప్పుడు సన్‌డెక్ ఖాళీ చేయమంటే వెంటనే దిగండి, మనవాళ్ళలాగా 'ఒక్క ఫోటో' అని ఆగొద్దు.

మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా వాఖౌ లోయలో ఒక్క లాకూ ఉండదు. అక్కడ నది కట్టు లేకుండా పారుతుంది, కొండల మీద మెట్లమెట్లుగా ద్రాక్షతోటలు. ఏజెంటు చూపించిన బొమ్మలన్నీ ఇక్కడివే. కాఫీ తెచ్చుకుని కూర్చోండి.

గాబ్చికోవో దగ్గర నిద్రపోవద్దు

బ్రాటిస్లావా దాటాక ఓడ నదిని వదిలి ఒక పెద్ద కాలువలోకి వెళ్తుంది. రెండు వైపులా కట్ట, కట్ట అవతల ఊళ్ళు ఓడ కన్నా కింద కనిపిస్తాయి. నీటిని నేలకన్నా ఎత్తున మోసుకెళ్ళే కాలువ ఇది. చివర గాబ్చికోవో విద్యుత్ కేంద్రం, 720 మెగావాట్లు. ఇక్కడి లాకు తొట్టి 275 మీటర్ల పొడవు, 34 వెడల్పు, దిగే లోతు దాదాపు 20 మీటర్లు. మొత్తం దారిలో ఒక్క లాకే చూడగలిగితే ఇదే చూడండి, అర్ధరాత్రి రెండింటికైనా అలారం పెట్టుకుని లేవండి. దీపాల వెలుగులో ఆ గోడల మధ్య దిగడం, నా పగటి నియమానికి ఉన్న ఒకే ఒక మినహాయింపు.

దీని వెనక ఉన్న గొడవ మనకి బాగానే అర్థమవుతుంది. 1977లో చెకొస్లొవాకియా, హంగరీ కలిసి ఇక్కడ ఒకటి, దిగువన నాగిమరోష్ దగ్గర ఒకటి కట్టుకుందామని ఒప్పందం రాసుకున్నాయి. పర్యావరణం దెబ్బతింటుందని జనం రోడ్డెక్కడంతో హంగరీ 1989లో నాగిమరోష్ పని ఆపేసింది. 1992లో చెకొస్లొవాకియా నీటిని తనవైపు కాలువలోకి మళ్ళించేసింది. వ్యవహారం హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళి 1997లో తీర్పు వచ్చింది, రెండు పక్షాలదీ తప్పుందని. 1983 తెలుగుగంగ ఒప్పందం, 1996లో పూండికి చేరిన కృష్ణా నీళ్ళు, ఏటా 'ఎన్ని టీఎంసీలు వచ్చాయి' అన్న వార్తలు చూస్తూ బతికే చెన్నై తెలుగువాళ్ళకి ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. బుడాపెస్ట్ చేరే ముందు విషెగ్రాడ్ కోట ఎదుట నది పెద్ద మలుపు తిరిగే చోటే నాగిమరోష్. డ్యాము కట్టి ఉంటే ఆ మలుపు ఇలా ఉండేది కాదు.

నీరు ఎక్కువైనా, తక్కువైనా

లాకులు, డ్యాములు ఉన్నంత మాత్రాన ప్రయాణం ఖాయం అనుకోవద్దు. వరదొస్తే రాకపోకలు ఆపేస్తారు. 2024 సెప్టెంబరు వరదల్లో ఆస్ట్రియాలో క్రూజ్ ఓడలు ఎక్కడివక్కడ కట్టేశారు. నీరు మరీ తగ్గినా చిక్కే, ముఖ్యంగా డ్యాములు లేని భాగాల్లో. బవేరియాలో ష్ట్రాబింగ్, విల్స్‌హోఫెన్ మధ్య భాగం అలాంటిది, అందుకే నేను రేగెన్స్‌బుర్గ్‌లో మొదలయ్యే ఓడలు కాకుండా పాస్సౌలో మొదలయ్యేవే చెప్పాను. ఓడ ఆగితే కంపెనీ బస్సుల్లో ఊళ్ళు తిప్పుతుంది, డబ్బు వాపసు ఇవ్వాల్సిన పనిలేదని షరతుల్లో రాసి ఉంటుంది. ఆ షరతు చదివి, ప్రయాణ అంతరాయానికి కూడా వర్తించే ఇన్సూరెన్స్ తీసుకోండి. వీసా కోసం తీసుకునే మెడికల్ పాలసీతో సరిపోదు.

ఇంత చేసినా లాకులన్నీ రాత్రే దాటిపోతే, వియన్నాలో ఓడ ఆగిన రోజు నగర యాత్ర బస్సు వదిలేయండి. ఫ్రాయిడెనౌ విద్యుత్ కేంద్రం నగర శివార్లలోనే ఉంది, 1998లో పూర్తయింది. డాన్యూబ్ దీవి మీద సైకిల్ తీసుకుని దిగువకు వెళ్తే కేంద్రం దగ్గరికి చేరతారు. పక్కనే చేపలు ఎగువకు ఈదడానికి కట్టిన కాలువ ఉంటుంది, అదీ చూడండి. ఒక గంట కూర్చుంటే సరుకు ఓడలో, టూరిస్టు ఓడలో ఏదో ఒకటి లాకులోకి వస్తుంది. పై నుంచి చూస్తే తొట్టి మొత్తం, రెండు వైపుల తలుపులు, మోకు మార్చే మనిషి ఒకేసారి కనిపిస్తారు. మధ్యాహ్న భోజనానికి ఓడకి తిరిగి రావడానికి వేళ చూసుకోండి.